పాత కంప్యూటరునకు క్రొత్త డిస్కు

మన పాఠశాలలలోను ఇండ్లలోను పదేండ్లుగా పనిచేయుచున్న డెస్కుటాపు కంప్యూటరులు పెక్కు కలవు. మీట నొక్కిన పిమ్మట అవి సిద్ధమగుటకు కొన్ని నిమిషములు పట్టుట చూచి, పాతదానిని పాఱవేసి క్రొత్తది కొనవలయునని పలువురు తీర్మానించుచున్నారు. ఇది తొందరపాటని మా యభిప్రాయము. ఎద్దు కుంటినచో ముందుగా గిట్టను చూతుము గాని వెంటనే సంతకు తోలము.

ఇట్టి యంత్రములలో తఱచుగా ఆలస్యమునకు కారణము హార్డుడిస్కు. 1956వ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థవారు మొదటి డిస్కు యంత్రమును వెలువరించినది మొదలు దీని పద్ధతి యొక్కటియే. పళ్లెము తిరుగుచుండును, దానిపై చిన్న తల అటునిటు కదలి వ్రాతను చదువును. డెస్కుటాపులలోని పళ్లెము సామాన్యముగా నిమిషమునకు 7200 చుట్లు తిరుగును. అయినను కోరిన చోటు తలక్రిందికి వచ్చుటకు ప్రతిసారియు సెకనులో ఇంచుమించు నూఱవవంతు కాలము పట్టును. కంప్యూటరు తెఱచునపుడు ఇట్టి వెదకులాట వేలకొలది పర్యాయములు జరుగును. ఎస్.ఎస్.డి. యను క్రొత్త డిస్కులో తిరుగునది ఏదియు లేదు. ఫ్లాష్ చిప్పులనుండి సమాచారము సెకనులో పదివేలవవంతు కాలముననే లభించును.

సాటా తీగలు గల పాత యంత్రమున రెండున్నర అంగుళముల ఎస్.ఎస్.డి. సాధారణముగా అమరును. ముందుగా ముఖ్యమైన ఫైళ్లన్నిటికిని వేఱొకచోట నకలు తీయవలయును. పిమ్మట ప్లగ్గు ఊడదీసి, పెట్టె తెఱచి, రెండు తీగలను క్రొత్తదానికి తగిలించవలయును. పాత డిస్కునందలి సర్వమును క్రొత్తదానికి ఎత్తవచ్చును. లేదా విండోసునుగాని లినక్సునుగాని మరల స్థాపింపవచ్చును.

పాత డిస్కును ఇతరుల కిచ్చుటకు ముందు పూర్తిగా చెఱిపివేయవలయును. ఫైలును తొలగించినంతమాత్రమున అందలి వ్రాత నశింపదు. విద్యార్థుల మార్కులు, తల్లిదండ్రుల చిరునామాలు గల డిస్కును అట్లే పాత సామానుల అంగడికి పంపుట, వారు మనయందుంచిన నమ్మకమును అమ్ముకొనుటయే యగును.

ఈ మార్పు సర్వరోగనివారిణి యని మేము చెప్పుట లేదు. మదర్‌బోర్డు చెడినను, ర్యాము మిక్కిలి తక్కువగా నున్నను డిస్కు మాత్రమే మార్చి ప్రయోజనము లేదు. విండోస్ 10నకు సామాన్య రక్షణ సహాయము 2025 అక్టోబరు 14వ తేదీన ముగిసినది. డిస్కు మార్చినంతనే పాత ప్రాసెసరునకు విండోస్ 11 పొందు అర్హత కలుగదు. అట్టి యంత్రములకు లినక్సు తగిన మార్గము. వ్రాతపనికిని, లెక్కలకును, ప్రోగ్రాములు నేర్చుటకును అది చాలును.

క్రొత్త యంత్రముల మూల్యము తల్లిదండ్రులు చెల్లించు రుసుములనుండియే రావలయును. ఒక్క భాగము మార్చి మిగిల్చిన ధనము గ్రంథాలయమునకును ప్రయోగశాలకును ఉపయోగపడును. అంతకంటె గొప్ప లాభము మఱియొకటి కలదు. ఉపాధ్యాయుని యెదుట పెట్టె తెఱచి స్వహస్తములతో డిస్కు నమర్చిన బాలబాలికలు, చెడిన వస్తువును నిందించుటకు ముందు చెడిన భాగమును వెదకుట నేర్చుకొందురు. ఈ విద్య కంప్యూటరు గదిలో మాత్రమే పనికివచ్చునది కాదు.