కాకి దూరము, మనిషి దూరము

కోరాపుట్ నుండి రాయగడకు కాకి ఎగిరిన దూరము సుమారు 85 కిలోమీటర్లు. రైలుదారి 164 కిలోమీటర్లు! కొండలను చుట్టి, సొరంగములు దూరి పోవు దారిని మేము నిందింపము, కొండ కొండయే. కాని 2022లో జయపురము నుండి భువనేశ్వరమునకు 9 సీట్ల విమానము ఎగిరినదని చంకలు గుద్దుకొనినవారిని అడుగుచున్నాము: 1992 వరకు ఒకే జిల్లాలోనుండిన ఈ రెండూళ్ల నడుమ తిరుగు రోగికి, పరీక్షకు పోవు పిల్లవానికి అది ఏమి ఒరగబెట్టినది? వారి దూరము మైళ్లలో లేదు, గంటలలో నున్నది. 2025 జనవరి 6న రాయగడ రైల్వే డివిజనుకు శంకుస్థాపన జరిగినది. దాని మొదటి పని భవనములు కట్టుట కాదు, ఆ గంటలను తగ్గించుట. తెలుగువారమైన మనము ఒడియా, ఆదివాసీ సోదరులతో కలిసి ఒక్క గొంతుతో దీనిని కోరవలెను.