ముసుగు రెబెక్కా, మన బొజ్జన్నకొండ

గత విద్యాసంవత్సరంలో మా తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులను వెంటబెట్టుకొని హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం సందర్శించాము. అనకాపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినది మొదలు పిల్లల నోట రెండే మాటలు: ముసుగు రెబెక్కా, గంటలు కొట్టే గడియారం.

మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ అవివాహితులుగానే 1949లో కన్నుమూశారు. ఆయనా, ఆయన పూర్వులూ కూర్చిన కళాసంపదతో ఏర్పడిన ఈ ప్రదర్శనశాలను 1951 డిసెంబరు 16న నెహ్రూ ప్రారంభించారు. 1961లో పార్లమెంటు దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది.

రెబెక్కా ఇటలీ శిల్పి బెంజోనీ సృష్టి. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నుండి తెప్పించినది. పాలరాయి పలుచని మేలిముసుగుగా మారిన ఆ వైనానికి మేమూ ముగ్ధులమైనాము. దాచవలసిన పని లేదు. చేతివ్రాతల గదిలో ఉర్దూ శాఖ విద్యార్థులు అరబ్బీ అక్షరాల వంపులను తెలుగు శాఖవారికి విప్పి చెబుతుంటే, గురువులమైన మాకు పని లేకపోయింది. ఆ సంతోషం వేరు.

అయితే ఖమ్మం జిల్లా నేలకొండపల్లి నుండి వచ్చిన బుద్ధవిగ్రహం కూడా అక్కడే ఉన్నది. సుమారు పదునెనిమిది వందల ఏండ్ల నాటిది. దాని ఎదుట నిలిచినవారు నలుగురే. ఆ నలుగురిలో ఒకడు, “సార్, మన బొజ్జన్నకొండ మీద కూడా బుద్ధుడున్నాడు కదా!” అన్నాడు. తక్కినవారిలో సగం మంది ఆ కొండ ఎక్కనే లేదని అప్పుడు తెలిసింది. మేము ఎక్కి మాత్రం ఎన్నేండ్లయినది?

బొజ్జన్నకొండ మన ఊరికి కూతవేటు దూరాన, శంకరం గ్రామం వద్ద ఉన్నది. సంఘారామమే శంకరమైనదని పెద్దల మాట. 1906లో అలెగ్జాండర్ రే త్రవ్వకాలు మొదలుపెట్టేవరకు దాని చరిత్ర మట్టిలోనే ఉండిపోయింది. సముద్రగుప్తుని బంగారు నాణెం సైతం అక్కడ లభించింది. కొండరాతిలోనే స్తంభాలు తొలిచిన గుహ, దాని నడుమ అదే రాతితో మలచిన స్తూపం. ప్రక్కనున్న లింగాలకొండపై బారులు తీరిన ఏకశిలా స్తూపాలు. ఇంతటి చోట, కనుమనాడు వేలాది జనం గుమిగూడి, బొజ్జవంటి ఒక ఆకారాన్ని రాక్షసునిదని భావించి రాళ్లు రువ్వేవారు. ఇన్‌టాక్ సంస్థవారి చొరవతో ఆ ఆచారం ఆగింది.

రువ్వినవారిని నిందించి ప్రయోజనమేమి? అది ఏమిటో వారికి చెప్పినవారు లేరు. చెప్పవలసిన చదువరులము మనము, రైలెక్కి రెబెక్కాను చూడబోయినాము. టిక్కెట్టు, గాజు పలక, కావలివాడు ఉంటే తప్ప శిల్పాన్ని శిల్పమని గుర్తించలేని చూపు మనది. కళకు ఊరేమిటి, దేశమేమిటి అని కొందరు మిత్రులు మాతో వాదించారు. నిజమే. కానీ ఇంటి ముంగిట ఉన్నది చూడని కన్ను రోము పాలరాతిలో వింతను మాత్రమే చూస్తుంది. మా పిల్లలు రెబెక్కా ఎదుట గడిపినది ఐదు నిమిషాలు. తరువాత గడియారం వద్దకు పరుగు.

కనుక ఈ ఏడు మొదటి యాత్ర బొజ్జన్నకొండకే జరపాలని, ఉభయ శాఖల విద్యార్థులు అక్కడ చూచినది తమ తమ భాషలలో వ్రాసి తేవాలని ప్రిన్సిపాలుగారికి విన్నవించుకున్నాము. రైలు ఖర్చు లేదు. మంచినీళ్లు మాత్రం ఎవరివి వారు తెచ్చుకోవాలి.