పాత విమానం, పరాయి పెత్తనం

అర్జెంటీనా 2015లో చివరి మిరాజ్‌లను పక్కన పెట్టింది. ఆ తర్వాత దాదాపు పదేళ్లు ధ్వనివేగాన్ని మించే యుద్ధవిమానం ఒక్కటీ లేకుండానే నెట్టుకొచ్చింది. 2024 ఏప్రిల్‌లో డెన్మార్క్ వాడిన 24 ఎఫ్-16ల కోసం ఒప్పందం కుదుర్చుకుంది. తొలి ఆరు 2025 డిసెంబరులో చేరాయి.

పాతవి కొనడంలో నామోషీ ఏమీ లేదు. ఖానాపూర్ రైతు పాత ట్రాక్టరు కొనేటప్పుడు రంగు చూడడు, స్పేర్లు ఎవరి దగ్గర దొరుకుతాయో చూస్తాడు. అర్జెంటీనా ఆగిపోయింది అక్కడే. 1982 ఫాక్లాండ్స్ యుద్ధం తర్వాత బ్రిటన్ విడిభాగాలున్న విమానం ఏదీ ఆ దేశానికి చేరడం కష్టమైంది. అర్జెంటీనాకు యుద్ధవిమానాలు అమ్మే పోటీలో మన తేజస్ కూడా ఉండేది. కానీ ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే దాని సీటు బ్రిటన్ కంపెనీదే!

ఇక్కడ మనం గమనించాల్సింది మరొకటుంది. కొత్త ఎఫ్-16ల రెక్కలు హైదరాబాద్ పక్కన ఆదిబట్లలో తయారవుతున్నాయి. తేజస్ మధ్యభాగాన్నీ హైదరాబాద్ సంస్థే చేసి 2025లో అప్పగించింది. చేతినైపుణ్యానికి కొదవ లేదు. కానీ అమెరికా ఇంజిన్లు ఆలస్యమవడంతో తేజస్ మార్క్-1ఎ అప్పగింతలు వెనకబడ్డాయి. మిగ్-21లను 2025 సెప్టెంబరులో సాగనంపిన వైమానిక దళానికి ఆ జాప్యం చిన్న విషయం కాదు. రెక్కల ఆర్డర్లపై సంబరపడే ప్రభుత్వం ఇంజిను, సీటు ఎప్పటికి మనవవుతాయో పార్లమెంటుకు తేదీలతో చెప్పాలి.