యోనాతాను పోయాక మెఫీబోషెతు

మనిషి చనిపోయిన ఇంటికి పదిమంది వస్తారు. పక్కింటివారు అన్నం వండి పంపుతారు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తారు. సంఘమంతా కూడుకొని పాటలు పాడి ఆ కుటుంబాన్ని ఓదారుస్తుంది. కాని పన్నెండు, పదమూడేళ్లు పెంచుకున్న కుక్క చనిపోతే ఆ ఇంటికి ఎవరూ రారు. పిల్లలు అన్నం మానేసి ఏడుస్తున్నా, ఆ సంగతి ఆదివారం ప్రార్థన మనవుల్లో చెప్పడానికి తల్లిదండ్రులు సిగ్గుపడతారు. ఎవరైనా ధైర్యం చేసి చెబితే వచ్చే జవాబు ఒక్కటే: 'కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకోండి.'

ఈ జవాబులో రెండు మాటలున్నాయి. 'కుక్కే కదా' అన్నది మొదటిది, 'ఇంకోటి తెచ్చుకోండి' అన్నది రెండోది. వాక్యపు వెలుగులో ఈ రెండింటినీ పరీక్షించి చూస్తే మొదటిది దయ లేని మాట, రెండోది ఆలోచన లేని మాట అని అర్థమవుతుంది.

దావీదు పాపాన్ని ఎత్తిచూపడానికి నాతాను ప్రవక్త చెప్పిన ఉపమానం మనందరికీ తెలుసు (2 సమూయేలు 12:1-6). ఒక పేదవాడికి ఒక్క గొర్రెపిల్ల తప్ప వేరే ఆస్తి లేదు. అది అతని పిల్లలతోపాటే పెరిగింది, అతని చేతి ముద్ద తిన్నది, అతని గిన్నెలో తాగింది, అతని కౌగిట్లో పడుకుంది, అతనికి కూతురు లాంటిదైంది. ధనవంతుడొకడు దాన్ని లాక్కొని తన అతిథికి వండి పెట్టాడు. అది విన్న దావీదు 'గొర్రెపిల్లే కదా' అనలేదు, కోపంతో మండిపడ్డాడు. గొర్రెలు కాస్తూ పెరిగినవాడికి ఒక మూగజీవితో ముడిపడ్డ ప్రేమ ఎలాంటిదో తెలుసు. ఆ ప్రేమ నిజమైనది కాకపోతే ఆ ఉపమానానికి రాజు మనసు గుచ్చే శక్తి ఉండేదే కాదు.

నీతిమంతుడు తన పశువు ప్రాణం విషయంలో కూడా శ్రద్ధ చూపుతాడని సామెతల గ్రంథం (12:10) చెబుతోంది. విశ్రాంతి దినపు ఆజ్ఞలో దేవుడు మనుషులతోపాటు పశువులనూ చేర్చాడు (నిర్గమ 20:10). జలప్రళయం తర్వాత నిబంధన చేసినప్పుడు నోవహుతోనూ అతని సంతానంతోనూ ఆగక, ఓడలోంచి బయటికొచ్చిన ప్రతి ప్రాణితోనూ చేశాడు (ఆది 9:9-10). నీనెవె మీద కనికరపడడానికి కారణం చెబుతూ అక్కడి పసివారితోపాటు పశువులను కూడా లెక్కలోకి తీసుకున్నాడు (యోనా 4:11). మన మత సంస్కర్త మార్టిన్ లూథర్ ఇంట్లో టోల్పెల్ అనే కుక్క ఉండేది. యజమాని చేతిలోని మాంసం ముక్క మీదే అది చూపు నిలిపినట్టు తానూ ప్రార్థనలో మనసు నిలపగలిగితే ఎంత బాగుండునో అని ఆయన అనుకునేవాడట. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ, సృష్టి అంతా విడుదల కోసం ఎదురుచూస్తోందన్న రోమా 8వ అధ్యాయం ఆధారంగా, మూగజీవాలకు కూడా ఆ విడుదలలో పాలుందని ఒక ప్రసంగమే చేశాడు. చనిపోయిన మన కుక్క పరలోకంలో కనిపిస్తుందా లేదా అన్నది లేఖనం స్పష్టంగా చెప్పలేదు గనుక మనమూ చెప్పబోము. దాన్ని చేసిన దేవుడు దాన్ని మరిచిపోడని మాత్రం చెప్పగలం.

బైబిల్లో కుక్కను నీచంగానే చెప్పారు కదా అని కొందరు విశ్వాసులు అడుగుతారు. నిజమే, ఫిలిప్పీ పత్రికలోనూ ప్రకటన గ్రంథంలోనూ ఆ పేరు నిందగానే వాడారు. అయితే అక్కడ నింద దుష్టులైన మనుషుల మీదే గాని జంతువు మీద కాదు. ఇక కానాను స్త్రీతో మాట్లాడినప్పుడు (మత్తయి 15:26-27) ప్రభువు వాడిన గ్రీకు మాటకు అర్థం ఇంట్లో తిరిగే చిన్న కుక్క అని. ఆమె ఆ పోలికనే పట్టుకుని, బల్ల కింది ముక్కలకు తాను కూడా హక్కుదారునని వాదించి గెలిచింది. లాజరు కురుపులతో ధనవంతుని వాకిట పడి ఉన్నప్పుడు మనుషులెవరూ అతని దగ్గరకు వెళ్లలేదు, వెళ్లినవి కుక్కలే (లూకా 16:21).

కాబట్టి ఏడ్చేవారిని ఏడ్వనివ్వాలి. మా ఇంట్లో పదమూడేళ్లు పెరిగిన కుక్క మూత్రపిండాలు చెడిపోయి చనిపోయినప్పుడు మేమంతా ఏడ్చాం. దాని కోసం చివరి ముద్ద పక్కన పెట్టే అలవాటు మా చేతులకు చాలా రోజులు పోలేదు. ఆదివారం పొద్దున మేము బైబిళ్లు చేతిలోకి తీసుకోగానే, ఈ రోజు తనను తీసుకెళ్లరని దానికి తెలిసిపోయేది, వెళ్లి తలుపు పక్కన పడుకునేది. అది పోయాక గుడికి బయల్దేరిన ప్రతి ఆదివారం ఆ తలుపు దగ్గర మా అడుగు ఆగేది.

ఇక 'ఇంకోటి తెచ్చుకోండి' అన్న రెండో మాట సంగతి చూద్దాం. ఈ మాట విన్నవారు సాధారణంగా రెండు రకాలుగా ప్రవర్తిస్తారు. కొందరు ఇక జన్మలో మరో ప్రాణిని ఇంట్లోకి రానివ్వం, వస్తే పోయినదానికి ద్రోహం చేసినట్టే అని ఒట్టు పెట్టుకుంటారు. మరికొందరు వారం తిరక్కుండానే అదే జాతి, అదే రంగు పిల్లను వేలకు వేలు పోసి కొని, అదే పేరు పెట్టి పిలుస్తారు. మొదటివారు ప్రేమను సమాధి చేస్తారు. రెండోవారు, పగిలిన కప్పు స్థానంలో మరో కప్పు పెట్టినట్టు, ప్రాణం స్థానంలో ప్రాణాన్ని పెట్టాలని చూస్తారు. ఆ పిల్ల పాతదానిలా ప్రవర్తించకపోతే దాని మీద విసుక్కుంటారు.

మూడో దారి ఒకటుంది. అది దావీదు నడిచిన దారి.

దావీదుకు యోనాతాను ప్రాణస్నేహితుడు. గిల్బోవ కొండ మీద అతడు చనిపోయాడన్న వార్త వినగానే దావీదు బట్టలు చింపుకొని, సాయంత్రం దాకా ఉపవాసముండి ఏడ్చాడు, విలాపగీతం రాశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు గడిచాయి. ఎన్నేళ్లో లేఖనమే సూచిస్తోంది. తండ్రి చనిపోయిన వార్త వచ్చినప్పుడు యోనాతాను కొడుకు మెఫీబోషెతుకు ఐదేళ్లు. దాది ఎత్తుకొని పారిపోతుండగా పడి రెండు కాళ్లూ కుంటివయ్యాయి (2 సమూయేలు 4:4). రాజు అతణ్ని పిలిపించేనాటికి అతనికే ఒక చిన్న కొడుకున్నాడు (9:12). అన్నేళ్ల తర్వాత కూడా దావీదు అడిగిన ప్రశ్న ఏమిటి? యోనాతానును బట్టి నేను ఉపకారం చేయడానికి సౌలు ఇంటివారిలో ఎవరైనా మిగిలి ఉన్నారా అని. లోదెబారులో పరాయివాడి ఇంట తలదాచుకుంటున్న ఆ కుంటివాణ్ని రప్పిస్తే, అతడు రాజు ముందు సాగిలపడి తనను తాను చచ్చిన కుక్కతో పోల్చుకున్నాడు (9:8). రాజు అతనికి తాతగారి పొలాలన్నీ తిరిగి ఇప్పించి, తన బల్ల దగ్గరే ఎప్పటికీ భోజనం పెట్టాడు.

మనిషినీ జంతువునూ సమానం చేయాలని ఈ కథ ఎత్తుకోలేదు. దుఃఖం ఏ దారిన నడవాలో నేర్చుకోవడానికి ఎత్తుకున్నాం. దావీదు యోనాతాను పోలికలున్న స్నేహితుడి కోసం వెతకలేదు, యోనాతాను స్థానం ఎవరికీ ఇవ్వలేదు. ఇతని వల్ల నాకేం లాభమనీ లెక్క వేయలేదు. యుద్ధానికి రానివాడు, నడవలేనివాడు రాజుకు ఏ విధంగానూ పనికిరాడు. నాలుగు నాణేలిచ్చి పంపేయకుండా ఇంట్లో చోటిచ్చాడు. పోయినవాడి మీద ప్రేమను, ఎవరికీ అక్కర్లేనివాడి మీద ఖర్చు చేశాడు. అందుకు తొందరపడనూ లేదు.

ఆరు నెలలు ఆగి మేము ఒక షెల్టర్ నుంచి మూడేళ్ల వీధికుక్కను తెచ్చుకున్నాం. బండి గుద్దడంతో వెనక కాలు విరిగి వంకరగా అతుక్కుంది. పాతదాని పేరు దీనికి పెట్టలేదు. మొదటి వారం మంచం కిందినుంచి బయటికి రాలేదు. చీపురు చేతిలోకి తీసుకుంటే చాలు, వణికిపోయేది. మనుషులు లేనప్పుడే తినేది. ఇలాంటి కుక్కలను చూసుకునేవారు ఒక లెక్క చెబుతుంటారు: భయం తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు. మాకు ఇంకా ఎక్కువే పట్టింది. రెండో నెలలో ఒక రాత్రి కుటుంబ ప్రార్థన జరుగుతుండగా అది దానంతటదే వచ్చి మా పిల్లవాడి కాళ్ల దగ్గర పడుకుంది. ఆ రాత్రి ఎవరమూ త్వరగా 'ఆమెన్' అనలేదు.

షెల్టర్లలో ఉన్నవి వీధుల్లో పుట్టినవే అనుకోవద్దు. ముద్దుగా ఉందని కొని, ముసలిదైందనో, జబ్బు చేసిందనో, ఊరు మారుతున్నామనో వదిలేసిన జాతి కుక్కలు కూడా ఎన్నో ఉంటాయి. 2020లో కరోనా రోజుల్లో కుక్కల వల్ల జబ్బు వస్తుందన్న వదంతి నమ్మి రోడ్డు మీద వదిలేసినవారున్నారు. మంచుదేశాల్లో పుట్టిన సైబీరియన్ హస్కీని తెచ్చి మన రోహిణీకార్తె ఎండల్లో మేడ మీద కట్టేసేవారున్నారు. పెంపుడు జంతువును బాధలపాలయ్యేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం సంగతి తెలియనివారికి కూడా సామెతలు 12:10 తెలుసు కదా!

ఇక్కడ ఒక బరువైన ప్రశ్న ఉంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి కుక్కల మీద కరుణ గురించి ప్రసంగించే హక్కు ఎవరికీ లేదు. అనేక పిచ్చుకలకంటే మనిషి శ్రేష్ఠుడని ప్రభువే చెప్పాడు (మత్తయి 10:31). 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు మొదట ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని ఆదేశించి, ఆ నెల 22న ఆ ఆదేశాన్ని మార్చింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకాలు వేసి పట్టినచోటే వదలాలని, రేబిస్ సోకినవాటినీ, దూకుడుగా ఉండేవాటినీ మాత్రం వదలకూడదని చెప్పింది. ఆ తీర్పులోనే మరో మాట ఉంది. కుక్కల మీద ప్రేమ ఉన్నవారు దత్తతకు దరఖాస్తు చేసుకోవచ్చని, అలా తీసుకున్నవి మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేనని.

ఇందులో మనకు పాఠం ఉంది. రోడ్డు మీద నాలుగు బిస్కెట్లు విసిరి, ఆ కుక్క ఎవరిని కరిచినా మనకు సంబంధం లేదన్నట్టు ఇంటికెళ్లిపోతే అది కరుణ కాదు. ఒక కుక్కను గేటు లోపలికి తెచ్చుకుంటే వీధికి ఒక భయం తగ్గుతుంది, ఆ ప్రాణికి ఒక ఇల్లు దొరుకుతుంది. అయితే రేబిస్ టీకా ఏటేటా వేయించాలి, ఆపరేషన్ చేయించాలి, నులిపురుగుల మందు పట్టించాలి, బయటికి తీసుకెళ్లినప్పుడు బెల్టు చేతిలో ఉండాలి. దాని పది, పన్నెండేళ్ల ఆయుష్షంతా మోయాలి. ఇంట్లో పసిపిల్లలుంటే షెల్టర్‌వారిని అడిగి నెమ్మదైనదాన్నే ఎంచుకోవాలి. ఏ కుక్క కరిచినా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు గాయం కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. లక్షణాలు కనిపించాక రేబిస్ దాదాపు ఎవరినీ బతకనివ్వదు. టీకా మానేసి ప్రార్థనతో ఊరుకోవడం విశ్వాసం కాదు.

'మనుషులకే దిక్కులేదు, కుక్కలకు ఖర్చా?' అని అడిగేవారికి చరిత్రలో జవాబుంది. 1824లో లండన్‌లో జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి ఒక సంఘం పుట్టింది. దాన్ని మొదలుపెట్టినది ఆర్థర్ బ్రూమ్ అనే ఆంగ్లికన్ బోధకుడు. సంఘం అప్పుల పాలైతే ఆ అప్పుల కోసం ఆయన జైలుకు కూడా వెళ్లాడు. ఆయనతో కలిసి ఆ సంఘాన్ని స్థాపించినవారిలో విలియం విల్బర్‌ఫోర్స్ ఉన్నాడు. బానిస వ్యాపారాన్ని రద్దు చేయించడానికి జీవితమంతా పోరాడినవాడు ఆయనే! మనుషుల సంకెళ్లు చూసి కరిగిన గుండె గుర్రం వీపు మీది కొరడా దెబ్బలు చూసి కూడా కరిగింది. కనికరం ఒకచోట ఖర్చయితే మరోచోట తరిగిపోయే సరుకు కాదు. అయితే మన కుక్కకు మాంసం పెట్టి, మన ఇంట్లో పనిచేసే అమ్మకు జీతం ఎగ్గొడితే మాత్రం లాజరు వాకిట కథ మన ఇంట్లోనే మళ్లీ జరుగుతున్నట్టు లెక్క.

దత్తత అన్న మాట క్రైస్తవులకు కొత్తది కాదు. మనం దత్తపుత్రాత్మను పొందినవారమని పౌలు రాశాడు (రోమా 8:15). మన వంశం చూసో, అందం చూసో, ఉపయోగం చూసో దేవుడు మనల్ని చేర్చుకోలేదు. మన భయాలతో, మన కుంటితనంతో చేర్చుకున్నాడు, మంచం కిందినుంచి మనం బయటికి వచ్చేదాకా ఓపికపట్టాడు. ఆ కృప అందుకున్నవారి ఇళ్లలో, ఎవరికీ అక్కర్లేని ఒక ప్రాణికి చోటు దొరకడం వింతేమీ కాదు.

మీ సంఘంలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి దుఃఖం ఉంటే, ముందు వెళ్లి కూర్చోండి. సలహాలివ్వకండి, ఆ కుక్క గురించి వారు చెప్పేది వినండి. నెలలు గడిచి, వారి మనసు సిద్ధపడ్డాక, దావీదు అడిగిన ప్రశ్నను గుర్తు చేయండి. పోయినదాన్ని బట్టి దయ చూపడానికి దగ్గరలోని షెల్టర్‌లో ఏదో ఒక ప్రాణి ఎదురుచూస్తూనే ఉంటుంది.