‘అని’తో వచ్చే చిక్కు

ఇంటర్వ్యూలో మామూలుగా అడిగే ప్రశ్నే. ‘ప్రాజెక్టు చూసి మీ గైడ్ ఏమన్నారు?’ మీ మనసులో జవాబు తెలుగులో సిద్ధంగానే ఉంటుంది: ‘బాగా చేశావు, కానీ ఇంకా టెస్టింగ్ చెయ్యాలి అన్నారు.’ నోటికొచ్చేసరికి అది ‘మై గైడ్ టోల్డ్ దట్ యూ డిడ్ వెల్, బట్ యూ నీడ్ మోర్ టెస్టింగ్’ అయిపోతుంది. ఎదుట కూర్చున్నవారు ఒక్క క్షణం ఆగిపోతారు. ఈ ‘యూ’ ఎవరు? టెస్టింగ్ చెయ్యాల్సింది మీరా, తామా?

డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ మీకు కొత్త కాదు. స్కూల్లోనే చదివారు, మార్కులూ తెచ్చుకున్నారు. ఎస్ఎస్‌సీ లాంటి పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లు మళ్లీ వల్లె వేస్తూనే ఉంటారు. పేపర్ మీద ‘విల్’ను ‘వుడ్’ చేయడం వచ్చినవాళ్లు కూడా మాట్లాడేటప్పుడు తడబడతారు. లోపం జ్ఞాపకశక్తిలో లేదు. మన భాషలో ఈ పని ఇంకోలా జరుగుతుంది, అంతే.

తెలుగులో ‘అని’ ఎంత సుఖమైన మాటో గమనించారా? ఎదుటివాళ్లు అన్నదాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టి, చివర ‘అని’ తగిలిస్తే చాలు. ‘నువ్వెక్కడ ఉంటావు అని అడిగింది’ అంటాం. కాలం మారదు, ప్రశ్న ప్రశ్నలాగే ఉంటుంది. ‘రవి తను వస్తానన్నాడు’ అనే వాక్యం చూడండి. ‘తను’ అన్నది రవి గురించి మనం వాడే మాట. ‘వస్తాను’ మాత్రం రవి నోటి నుంచి వచ్చిన క్రియ, అలాగే ఉండిపోయింది. సగం మన మాట, సగం రవి మాట. తెలుగులో ఇది తప్పు కానే కాదు, ఎవరికీ వింతగా కూడా అనిపించదు.

ఇంగ్లిష్ ఇలా సగం సగం ఒప్పుకోదు. రవి మాటను చెబుతున్నది మీరు కాబట్టి, మీరు నిలబడ్డ చోటు నుంచే అంతా చెప్పాలి. ‘ఐ విల్ కమ్’ అన్నది ‘రవి సెడ్ హి వుడ్ కమ్’ అవుతుంది. ‘వేర్ డు యూ లివ్?’ అన్న ప్రశ్న ‘షి ఆస్క్‌డ్ మీ వేర్ ఐ లివ్డ్’ అవుతుంది. ‘డు’ పోయింది, ప్రశ్న గుర్తూ పోయింది. మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే: ‘షి ఆస్క్‌డ్ మీ వేర్ డు యూ లివ్.’ ఇక ‘వస్తావా అని అడిగాడు’లో చివరి ‘ఆ’ చేసే పనికి ఇంగ్లిష్‌లో ‘ఇఫ్’ కావాలి: ‘హి ఆస్క్‌డ్ ఇఫ్ ఐ వుడ్ కమ్.’

స్పానిష్ మాట్లాడేవాళ్లకు కాలం మార్చే విషయంలో మనకంటే సులువు. వాళ్ల భాషలోనూ ‘ఎస్తోయ్ కన్సాదో’ (అలసిపోయాను) అన్న మాట ‘దిహో కే ఎస్తాబా కన్సాదో’ అని గతంలోకి జరుగుతుంది. ఇంగ్లిష్ ‘హి సెడ్ హి వాజ్ టయర్డ్’కు అచ్చంగా జోడీ. వాళ్ల తిప్పలు వేరే చోట. ‘సే’, ‘టెల్’ రెండింటికీ వాళ్లకు ‘దెసీర్’ ఒక్కటే ఉంది. దాంతో ‘హి సెడ్ మీ’ అనేస్తారు. మనం అటు కాకుండా ఇటు జారి ‘హి టోల్డ్ దట్’ అంటాం. ‘టోల్డ్’ అంటే వెంటనే ఎవరికో చెప్పాలి: టోల్డ్ మీ, టోల్డ్ అజ్. వినేవాళ్ల ప్రస్తావన లేకపోతే ‘సెడ్’ వాడండి. ఆజ్ఞల దగ్గర మాత్రం మనమే నయం. ‘రమ్మన్నాడు’ అంటే ‘టోల్డ్ మీ టు కమ్’, ‘వెళ్లొద్దన్నాడు’ అంటే ‘టోల్డ్ మీ నాట్ టు గో’. స్పానిష్‌వాళ్లకు ఇక్కడ ‘కే’ పెట్టి, క్రియకు ఇంకో రూపం వాడే అలవాటు అడ్డొస్తుంది.

ఉద్యోగంలో చేరాక అసలు ఇబ్బంది ‘టుమారో’తో వస్తుంది. సోమవారం కాల్‌లో క్లయింట్ ‘ఫైల్స్ రేపు పంపిస్తాం’ అన్నారనుకోండి. మీరు బుధవారం మీ టీమ్ లీడ్‌కు మెయిల్ రాస్తూ ‘దే సెడ్ దే విల్ సెండ్ ది ఫైల్స్ టుమారో’ అంటే, ఆయన గురువారం దాకా నిశ్చింతగా ఎదురు చూస్తారు. నిజానికి ఫైల్స్ మంగళవారమే రావాలి, అప్పటికే ఆలస్యమైంది. గైడ్ పుస్తకాల్లోని ‘ది నెక్స్ట్ డే’ కంటే ఇలాంటి చోట ‘ఆన్ ట్యూజ్‌డే’ అని రోజు పేరు రాయడమే మేలు. అదే మీరు సోమవారమే మెయిల్ రాస్తుంటే ‘టుమారో’ను మార్చక్కర్లేదు, రేపు ఇంకా రేపే కదా!

కాలాన్ని ప్రతిసారీ వెనక్కి జరపాలన్న భయం కూడా వద్దు. ‘హి సేస్’ అని వర్తమానంలో మొదలుపెడితే జరపరు. ఇప్పటికీ నిజమైన సంగతి అయితే ‘షి సెడ్ ది ఆఫీస్ ఓపెన్స్ ఎట్ నైన్’ అన్నా తప్పు లేదు. పరీక్షలో మాత్రం వాళ్లు అడిగిన పద్ధతిలోనే మార్చండి, అక్కడ వాదన వద్దు.

సాధనకు కోచింగ్ అక్కర్లేదు. ఇవాళ ఫోన్‌లో అమ్మ అన్నది, క్లాసులో సార్ అడిగింది ఓ నాలుగు మాటలు తీసుకుని ఇంగ్లిష్‌లో ఇంకొకరికి చెప్పినట్టు పైకి చెప్పుకోండి. ‘తిన్నావా అని అడిగింది’ నుంచే మొదలుపెట్టొచ్చు: ‘షి ఆస్క్‌డ్ మీ ఇఫ్ ఐ హ్యాడ్ ఈటెన్.’ ఇక ఆ ఇంటర్వ్యూ జవాబు: ‘మై గైడ్ సెడ్ ఐ హ్యాడ్ డన్ వెల్, బట్ టోల్డ్ మీ టు డు మోర్ టెస్టింగ్.’ దీని తర్వాత వాళ్లు ‘మరి చేశారా?’ అని అడుగుతారు. దానికీ జవాబు సిద్ధం చేసుకుని వెళ్లండి.