బురదకి టిక్కెట్టా?

హైదరాబాద్ శివార్లలో ఇప్పుడు బురదకి టిక్కెట్టు పెట్టారు. నెత్తికి హెల్మెట్ తగిలించి, నాలుగు లావు చక్రాల బండెక్కించి, పాత టైర్లు పాతిన దారిలో నాలుగు చుట్లు తిప్పి దింపేస్తారు. గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు కూడా వరసలో నిలబడి డబ్బు కడుతున్నారంటే నవ్వాలో ఏడవాలో తెలీదు.

సరదాకి తోలే ఇలాంటి బళ్లు కొత్తేం కాదు. 1964లో కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ అనే ఆయన, ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు భాగాలకి ఫైబర్‌గ్లాస్ ఒళ్లు తొడిగి ఇసుక దిబ్బల మీద పరిగెత్తే బగ్గీ తయారుచేశాడు. మా కోనసీమ కుర్రాళ్లకి ఆ బగ్గీ సంగతే తెలీదు, ఉన్నవి ఇంట్లో మోటారుసైకిళ్లే. ఒకడికి వాళ్ల నాన్న యెజ్డీ, ఒకడికి బాబాయి రాజ్‌దూత్, కాస్త కలిగినవాడికి ఆరెక్స్ హండ్రెడ్. దారి మాత్రం అందరికీ ఒకటే, కాలవగట్టు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలవలు పాకాయి. తవ్విపోసిన మట్టి గట్టయింది, ఆ గట్టే దారయింది.

తొలకరి పడిందా, ఇక చూడాలి మా అవస్థ. ఒండ్రుమట్టి మడ్‌గార్డు కింద కూరుకుపోయి చక్రం బిగుసుకుపోయేది. యెజ్డీకి కిక్కూ గేరూ ఒకే కడ్డీ. బురద చెప్పు దానిమీద నిలవక జారిపోయేది. వెనకున్నవాడికి వెంటనే ఆర్డరు: "దిగెహె, తొయ్యి!" వాడు తోసేవాడు, చక్రం గిర్రున తిరిగి వాడి మొహాన బురద కొట్టేది. తర్వాత బండి పక్కకి ఒరిగించి, కొబ్బరిమట్ట ముక్కతో తలా కాసేపు మట్టి గోకేవాళ్లం. ఊళ్లో కబుర్లన్నీ ఆ గోకుడు దగ్గరే తేలేవి. అసలు సరదా వేగంలో లేదు, కూరుకుపోవడంలో ఉంది. ఒక్కడే వెళ్తే ఆ బండి బయటికి రాదు మరి.

అలాగని మట్టిరోడ్లే నయమనను. పురిటి నొప్పులతో ఉన్న మనిషిని ఆ బురదలో ఎడ్లబండి మీద మోసుకెళ్లిన ఊళ్లివి. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన లాంటి పథకాలతో ఊళ్లకి గట్టిరోడ్లు రావడం మంచిదే.

నా గొడవ రోడ్ల మీద కాదు, గట్ల మీద. చాలాచోట్ల గట్టుని షెడ్లు మింగేశాయి, మిగిలినచోట ఊరి చెత్తంతా పోస్తున్నారు. నడుద్దామంటే ముక్కు మూసుకోవాలి. ఆ చెత్తే కాలవలో పడి చేలల్లోకి పోతోంది.

ప్రతి పెద్ద కాలవకీ ఒక గట్టునైనా శుభ్రం చేసి, సిమెంటు పొయ్యకుండా, లారీలూ ట్రాక్టర్లూ ఎక్కకుండా వదలండి. మోటారుబళ్లు కూడా అక్కర్లేదు. గట్టు కోసుకుపోకుండా ఉండాలంటే సైకిళ్లే మేలు. పంచాయతీ, నీటిపారుదల శాఖ కలిసి కూర్చుంటే పెద్ద ఖర్చులేని పని ఇది. మన పిల్లలు బురదలో పడటానికి హైదరాబాద్ దాకా వెళ్లి టిక్కెట్టు కొనాల్సిన అగత్యం డెల్టాకి పట్టకూడదు.