తామరాకు నేర్పిన పాఠము

తామరాకుపై నీటిబొట్టు నిలువదు. 2015లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ గుణమును ఇత్తడి, టైటానియం, ప్లాటినములకు అబ్బజేసిరి. వారు పూత పూయలేదు. సెకనును పదికోట్ల కోట్ల భాగములు చేసినచో ఒక్క భాగము ఫెమ్టోసెకను. అట్టి కొన్ని పదుల ఫెమ్టోసెకన్లు మాత్రమే నిలుచు లేజరు కాంతితో లోహముపై చాళ్లు చెక్కి, వానిపై కంటికానని గరుకుదనము కల్పించిరి. నీటిబొట్టు దానిపై పడి ఎగిరి, దుమ్మును తనతో కొనిపోవును.

చదరపు అంగుళమునకు అప్పుడు గంట పట్టెను. ఇది వృథాశ్రమ యని కొందరనవచ్చును. నేనట్లు తలంపను. పూత ఊడిపోవును, లోహముననే చెక్కిన గుణము అంత సులభముగా పోదు. అయినను, నీటికొరత గల ఊళ్లలో కొద్దినీటితో శుభ్రపడు మరుగుదొడ్లకు ఉపకరించిననాడే ఈ విద్య సార్థకము. బాలలారా, వేగము పెంచి వ్యయము తగ్గించు మార్గమును వెదకుట మీ తరమువారి వంతు.